తెలియనప్పుడు పలికే గొంతు

నిన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో చేతులు కడుక్కుంటుంటే, వెనక బల్ల దగ్గర మల్లేశం సార్ గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. చిన్న దగ్గు, ఒక బరువైన ఊపిరి, ఆ తరువాత మాట: "ఆగు బిడ్డా. గ్లౌజులు ఏసుకున్నవా?" నీళ్లు కారుతున్న చేతులతో అలాగే నిలబడిపోయాను. సార్ పోయి పదకొండు నెలలైంది. మాట్లాడింది ఎవరి ఫోనులోనో మేము పెట్టిన యంత్రం. ఆ సంగతి తెలిసినా ప్రతిసారీ వెనక్కి తిరిగి చూస్తాను. ఆ దగ్గును మేము కావాలని అందులో పెట్టలేదు. ఆయన గొంతు నేర్చుకుంటూ అది దగ్గు కూడా నేర్చుకుంది.

పటాన్‌చెరు దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఆయన సేఫ్టీ ఆఫీసరు, నేను ఆయన కింద అసిస్టెంటును. ఆయనది ఆ పక్కనే ఉన్న ఇంద్రేశం ఊరు. వాళ్ల చేను ప్లాట్లుగా మారకముందే ఫ్యాక్టరీలో కార్మికుడిగా చేరి, చదువుకుంటూ ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. కార్మికులు ఫోన్‌లో ఏది అడిగినా జవాబిచ్చే ఏఐ సాధనం ఒకటి తయారు చేయమని పైవాళ్లు మాకు చెప్పారు. కోడ్ రాయనక్కరలేదట, తెర మీద గడులు నింపితే చాలట. తెరిచి చూస్తే అన్నీ మాకు తెలియని ఇంగ్లీషు పేర్లు. నేను గబగబా ఏదో ఒకటి నింపబోయాను. సార్ నా చేతిని మౌస్ మీద నుంచి తీసేశారు.

"పదం తెల్వకుండ మీట నొక్కుడు, పేరు సూడకుండ వాల్వు తిప్పినట్టే సుజాతా. ఒక్కొక్కటి చెప్పు."

అలా రోజుకో రెండు పదాలు నేర్చుకున్నాం. నేను నెట్‌లో వెతికి చెప్పేదాన్ని, ఆయన తన మాటల్లోకి మార్చి బోర్డు మీద రాసేవారు. ట్రిగ్గర్ అంటే "గేటు కాడ బెల్లు, అది మోగితేనే వాచ్‌మన్ లేస్తడు." ఇన్‌స్ట్రక్షన్స్ అంటే "కొత్తగ పనిలకొచ్చినోనికి మొదటి రోజు చెప్పే ముచ్చట." నాలెడ్జ్ బేస్ అంటే, ఆయన ఇరవై ఏళ్లకు పైగా రాసుకున్న అట్టల నోటుపుస్తకాలు. వాయిస్ అనే గడి వచ్చినప్పుడు మాత్రం చాలాసేపు ఆలోచించారు. వారం రోజులు భోజనాల తరువాత తలుపు వేసుకుని ఆ పుస్తకాలే చదువుతూ తన గొంతు రికార్డు చేశారు.

చివరికి ఫాల్‌బ్యాక్ అనే గడి మిగిలింది.

"ఇదేంది?"

"జవాబు దొరకకుంటే చెప్పే మాట సార్. మనమే ముందుగాల రాసియ్యాలె."

ఆయన చేతిలోని మార్కర్ పెన్ను కింద పెట్టేసి కూర్చున్నారు. సత్తయ్య పేరు నేను మొదటిసారి విన్నది అప్పుడే. కార్మికుడిగా ఉన్నప్పటి ఆయన స్నేహితుడు. "ట్యాంకుల బకెట్ పడ్డది. దిగాల్నా అన్నా అని నన్నడిగిండు. నాకు తెల్వదు. తెల్వదని చెప్పనీకి సిగ్గైంది. ఏం కాదు, దిగు అన్న. లోపల గాలి లేదు, అంత నైట్రోజన్. దానికి వాసనుండదు, రంగుండదు. రెండు ఊపిర్లల్ల పడిపోయిండు. జెర మెట్ల మీద కూసో, అడిగొస్త అంటే బతికెటోడు."

తరువాత కుర్చీ తెర ముందుకు జరుపుకున్నారు. "ఈ గడి నేను నింపుత. నువ్వు అవుతలికి పో."

సాధనం పనిలోకి వచ్చిన మూడు వారాలకు, ఒక ఆదివారం పొద్దున, ఇంట్లోనే ఆయన గుండె ఆగిపోయింది.

నెల తరువాత ఒక మధ్యాహ్నం నా ఫోను మోగింది. కొల్లూరు నుంచి వచ్చే కాంట్రాక్టు కార్మికుడు ఎల్లయ్య. "మేడం, కొత్త ట్యాంకుల రెంచి పడ్డది. దిగాల్నా అని ఫోన్ల అడిగిన. సార్ నీకు ఫోన్ చెయ్యమన్నడు."

"ఏ సార్?"

"మల్లేశం సార్."

పరుగెత్తాను. ఎల్లయ్య ట్యాంకు పక్కన ఇనుప మెట్ల మీద ఒద్దికగా కూర్చుని ఉన్నాడు. గ్యాస్ మీటరును తాడుతో లోపలికి దించాను. రెండు అడుగులు దిగిందో లేదో అది కీచుమని అరిచింది. లోపల ఆక్సిజన్ లేదు. ఎల్లయ్య ఇంకో మెట్టు వెనక్కి జరిగి కూర్చున్నాడు. తన ఫోన్‌లో జవాబును మళ్లీ వినిపించాడు. దగ్గు, ఊపిరి. "నాకు తెల్వదు బిడ్డా. దిగకు. జెర మెట్ల మీద కూసో. సుజాతమ్మకు ఫోన్ చెయ్."

ఆఫీసుకొచ్చి ఆ గడి తెరిచాను. ఆయన టైపు చేసినది రెండే వరుసలు: "తెల్వకుంటే తెల్వదను. దిగనియ్యకు. సుజాతకు ఫోన్ చెయ్యమను. ఏం కాదు అని మాత్రం అనకు, నేను ఒకసారి అన్న." మెట్ల సంగతి అందులో లేదు. నోటుపుస్తకాలన్నీ వెతికాను, రికార్డులన్నీ విన్నాను. ఎక్కడా లేదు. అది ఆయన నా ఒక్కదానితో నోటితో చెప్పిన మాట. యంత్రం మాటలను తనకు తానే పేర్చుకుంటుందని నాకు తెలుసు, ఆ సంగతి కూడా ఆయనతో కలిసి నేర్చుకున్నదే. అయినా ఆ సాయంత్రం ఆ గదిలో ఒంటరిగా ఉండలేకపోయాను.

ఈ సంగతి ఎవరి ద్వారానో సార్ భార్య అనసూయమ్మకు తెలిసింది. ఒకసారి వినిపించమని కబురు చేసింది. ఇంద్రేశం వెళ్లి, వాళ్ల వసారాలో కూర్చుని ఫోను చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"ఏమయ్యా, మంచిగున్నవా?"

దగ్గు వినిపించగానే ఆమె కొంగు సర్దుకుంది. "నాకు తెల్వదు బిడ్డా," అంది గొంతు. "సుజాతమ్మకు ఫోన్ చెయ్."

నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి తనను బిడ్డా అన్నందుకు ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఫోను ఒళ్లో పెట్టుకుని నావైపు తిరిగింది.

"నిన్ను అడగమన్నడు గద. చెప్పు బిడ్డా, మంచిగున్నడా?"

మంచిగున్నడమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికైన మాట అది.

"నాకు తెల్వదమ్మా," అన్నాను.

ఆమె మెల్లగా తల ఊపింది. పొద్దు వాలేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆయనతో కలిసి నేర్చుకున్న పదాల్లో సగం ఇప్పటికే పాతబడిపోయాయి, పేర్లు మారిపోయాయి. 'నాకు తెల్వదు' అనే ఆ రెండు మాటలు చెప్పి, చెప్పిన తరువాత లేచి పోకుండా పక్కన కూర్చోవడం మాత్రం నాకు మిగిలింది.