ఒట్టికాళ్ల ఓవరు

హెలికాప్టర్ దిగిన చోట నీడ లేదు. ఎర్రనేల, గులకరాళ్లు, ముళ్లచెట్లు, చెవుల్లో హోరుమనే ఎండగాలి. వీపున కిట్ బ్యాగు, నెత్తిన నీలం టోపీ. నా వెనక దిగిన కన్నడ జవాను "ఎక్కడికొచ్చి పడ్డాం దేవుడా" అన్నాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది. శింగనమల దాటి మా ఊరి మిట్ట మీద దిగినట్టే ఉంది. ఇంత దూరం ఎగిరొచ్చింది మళ్లీ మా చేనికేనా అనుకున్నాను.

అది ఆఫ్రికాలో ఒక దేశం. రెండు వర్గాలు కొట్టుకుని అలసిపోతే, మధ్యలో నిలబడటానికి పలు దేశాల సైన్యాలను పంపారు. నేను ఇంజనీర్ల దళంలో హవల్దారును. రోడ్లు వేయడం, కొట్టుకుపోయిన వంతెనలు నిలబెట్టడం మా పని. పొద్దున ఐదున్నరకు ఫాలిన్, అందరం వరసలో నిలబడాలి. పదకొండు దాటితే పలుగు ముట్టుకోలేం, చేయి కాలుతుంది. నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. స్నానానికి మనిషికి ఒక బకెట్, అంతే. మా గుడారాలకు ఒక పక్క బంగ్లాదేశ్ వాళ్లు, ఇంకో పక్క శ్రీలంక వాళ్ల ఆసుపత్రి. రోడ్డు దాటితే నేపాల్, దిగువన పాకిస్తాన్.

ఊళ్లో ఎవరు కనబడినా నన్నడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఏమప్పా, పాకిస్తానోళ్లు పక్కనే ఉండిరంటనే, కొట్లాడలేదా?"

కొట్లాడాం. ఏడాదికోసారి. ఒక టీ కెటిల్ కోసం.

నేను వెళ్లేసరికే ఆ కెటిల్ కప్పుకు చరిత్ర ఉంది. మాకంటే ముందెప్పుడో వచ్చిన బంగ్లాదేశ్, శ్రీలంక జవాన్లు హెలిప్యాడ్ మీద టెన్నిస్ బంతితో మొదలుపెట్టారట. మ్యాచ్ అన్నాక కప్పు ఉండాలి కదా అని నేపాల్ వాళ్లు తమ వంటింట్లో సొట్టపడ్డ కెటిల్ తెచ్చి ఇచ్చారట. గెలిచిన జట్టు ఆ కెటిల్‌తో ఓడిన వాళ్లందరికీ టీ పోయాలి. అదే బహుమతి, అదే సత్కారం. తర్వాత మన వాళ్లు చేరారు. చివరకు పాకిస్తాన్ వచ్చింది. దాంతో పాటు అసలైన తోలు బంతి వచ్చింది, దాన్ని విసిరే మనిషీ వచ్చాడు.

ఆ మనిషి వాళ్ల వైర్‌లెస్ ఆపరేటర్. ఆరడుగుల పైన ఉంటాడు. డ్యూటీ పడి రాలేని మ్యాచ్‌లకు సెట్ మీదే స్కోరు అడిగేవాడు. మా ఆపరేటర్ "ఐదో ఓవర్, ఓవర్" అనేవాడు. అటునుంచి నవ్వు. "ఏ ఓవర్ అయిపోయింది భాయ్, నీదా ఆటదా? ఓవర్." మాట ముగిస్తే ఓవర్ అనాలని సైన్యం రూలు. ఆ రూలుతో వాళ్లిద్దరూ ఆడుకున్నంతగా మేం బంతితో కూడా ఆడుకోలేదు.

నేను చేరిన కొత్తలోనే ఒకతనికి దెబ్బ తగిలింది. గులకనేల మీద పట్టా పరిచి ఆడుతున్నారు. ఈ పొడుగాయన వేసిన బంతి పట్టా కింద రాయికి తగిలి నిట్టనిలువునా లేచింది. బంగ్లాదేశ్ ఎడంచేతి బ్యాట్స్‌మన్ దవడ విరిగింది. అతనూ నాలాగే ఇంజనీర్ల దళం వాడు, సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. శ్రీలంక ఆసుపత్రిలో పళ్లకు తీగలు బిగించి కట్టారు. బౌలర్ రోజూ సాయంత్రం ఆ మంచం పక్కన కూర్చుని వచ్చేవాడు. సెట్ మీద స్కోర్లు అడగడం మానేశాడు.

మా అందరి మీదా ఉన్న కమాండర్ వేరే ఖండం వాడు. వాళ్ల దేశంలో క్రికెట్ ఆడరు. ఆయన ఆర్డరు రెండు వాక్యాలు. "ఫైనల్‌కు ముందు ఆ నేలను నేను చూస్తాను. మళ్లీ ఒక్కడికి దెబ్బ తగిలినా ఈ ఆట ఇక్కడ ఉండదు." ఆయన్ను తప్పుపట్టలేం. యుద్ధం ఆపడానికి వచ్చిన వాళ్లు ఆటలో పళ్లు రాలగొట్టుకుంటే ఎవరికి చెప్పుకుంటాడు?

మా మేజర్ నన్ను పిలిచాడు. "అనంతపూర్, నేల పని నీది."

నా పేరు అక్కడ అదే. నేను జీవితంలో పిచ్ చేసింది లేదు. నాకు తెలిసిన చదును నేల ఒక్కటే, కళ్లం. పంట నూర్చే నేల. సరే, ఇరవై రెండు గజాల కళ్లం చేద్దాం అనుకున్నాను.

ఆ దేశంలో చెదపుట్టలు మనిషి కంటే ఎత్తు. పుట్టమన్ను తవ్వి తెచ్చాం. గులకంతా ఏరి, మన్ను పోసి, ఇసుక నింపిన డీజిల్ డ్రమ్మును దాని మీద దొర్లించాం. నీళ్లు లేవు. కావాలని నేనెవరినీ అడగలేదు. ఒక సాయంత్రం చూస్తే నేపాల్ జవాన్లు స్నానం చేసిన నీళ్లు డబ్బాల్లో మోసుకొస్తున్నారు. మర్నాడు శ్రీలంక వాళ్లు. ఆ మర్నాడు దిగువ నుంచి పాకిస్తాన్ జీపులో రెండు డ్రమ్ములు, మీద సబ్బు నురగ తేలుతూ. ఎవరి ఒంటి మట్టి ఎవరిదో, అన్నీ ఆ నేలే తాగింది. 

ఇక పేడ. పశువుల కాపరులను సైగలతో అడిగితే నాకు పిచ్చి పట్టిందనుకున్నారు, అయినా ఇచ్చారు. ఎంత పలచగా కలపాలో గుర్తు రాక ఇంటికి ఫోన్ చేశాను. మా ఆమె రామాంజినమ్మ ఎత్తింది.

"ఆడికి పోయింది తుపాకి పట్నీకా, కళ్లం అలికేకా?"

"చెప్పే, నవ్వకు."

"ఈడ ఏనాడన్నా ఒక చెయ్యి ఏసినావా? ఆ దేశపోళ్లు శానా అదృష్టమంతులు." తర్వాత చెప్పింది. "మజ్జిగ మాదిరి కలుపు. ఒకసారి అలికితే పగుల్తాది. ఆరినాక మళ్లా అలుకు. నెర్రె కనపడకుండా వొచ్చేదాకా ఇడ్సొద్దు."

విడవలేదు. ఆరిన నేల మీద అరచేయి పెడితే మా కళ్లమే అనిపించింది.

ఫైనల్ రోజు పొద్దున ఏడుకు కమాండర్ వచ్చాడు. వెనక ఐదు దేశాల ఆఫీసర్లు, రెండు జట్లు, ఆసుపత్రి వాళ్లు. బూట్లు టకటకలాడించుకుంటూ నేరుగా పిచ్ వైపు నడిచాడు.

నేను కేక వేశాను. "చెప్పులిడ్సి రాండప్పా! కళ్లం మీదికి బూట్లతోనా?"

తెలుగులో. కమాండర్ మీద. మనవైపు కళ్లం మీదికి చెప్పులతో పోనివ్వరు, తిండిగింజ పడే చోటు. అక్కడ పడేది గింజ కాదు, బంతి. ఆ సంగతి నా నోటికి తెలీదు. మేజర్ ముఖం పాలిపోయింది. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. కమాండర్ ఒక కాలు పిచ్ మీద, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు.

అప్పుడు శ్రీలంక వైద్యదళం కార్పొరల్ కిందికి వంగి బూటు లేసులు విప్పడం మొదలుపెట్టాడు. నా మాట ఒక్కటీ అతనికి అర్థమై ఉండదు. "ఈ వాసన నాకు తెలుసు. మా ఊళ్లో ధాన్యం నూర్చే నేల ఇదే. దీని మీదికి బూట్లతో రారు సార్" అని కమాండర్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. దవడ విరిగిన బ్యాట్స్‌మన్ అప్పటికే ఒక బూటు తీసేశాడు. "కోతలప్పుడు మా అమ్మ వాకిలి ఇలాగే అలుకుతుంది" అన్నాడు హిందీలో, మాట ఇంకా కొంచెం వంకరగా. నేపాల్ వంటవాడు తీశాడు. మన వాళ్లు తీశారు. పాకిస్తాన్ జట్టు మొత్తం కూర్చుని లేసులు విప్పింది.

కమాండర్ అందరినీ ఒకసారి చూశాడు. మందుగుండు పెట్టె మీద కూర్చుని తన బూట్లూ తీశాడు. తెల్లటి పాదాలతో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. మడమతో నొక్కి చూశాడు. "ఆడండి" అన్నాడు.

ఫైనల్ పాకిస్తాన్‌కూ బంగ్లాదేశ్‌కూ. మొదటి బంతి తానే ఆడతానని ఆ ఎడంచేతి మనిషి పట్టుబట్టాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు, ప్యాడ్లు కట్టుకున్నాడు, బూట్లు మాత్రం మళ్లీ వేసుకోలేదు. అలాగే వచ్చి నిలబడ్డాడు. పది వేళ్లూ బయటికే. ఆ చివరన బౌలర్ ఆ పాదాలను చాలాసేపు చూశాడు. తర్వాత తన బూట్లు విప్పి అంపైర్ పక్కన పెట్టాడు. అతను పరుగెత్తి రావాల్సింది పిచ్ మీద కాదు, దాని వెనకున్న గులకలో, ముళ్లలో.

పరుగెత్తాడు. నేను గీత బయట ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పట్టా కింద రాయి, విరిగిన దవడ, కమాండర్ ఆర్డరు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. బంతి పడింది. లేవలేదు, జారలేదు, మోకాలి ఎత్తున తిన్నగా వచ్చింది. బ్యాట్స్‌మన్ వంగి అడ్డం పెట్టాడు. టక్ మని ఒక్క చప్పుడు. ఆ ఓవరులో ఒక్క బంతి కూడా పాదాల దరిదాపుల్లోకి రాలేదు. ఓవరు అయ్యాక బౌలర్ నడిచి వచ్చి అతని దవడ మీద అరచేయి వేశాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరు గెలిచారో చెప్పమంటారా? బంగ్లాదేశ్. టీలో చక్కెర తక్కువైంది.

నేను తిరిగొచ్చాను. కొన్నాళ్లకు సర్వీసు కూడా అయిపోయింది. మొన్న ప్రపంచ కప్ మ్యాచ్ జరుగుతుండగా, అందరం మా వరండాలో టీవీ చూస్తున్నాం. ఫోన్‌కు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మా దళంలోనే చేరిన రాయదుర్గం కుర్రవాడు, ఇప్పుడు అదే క్యాంపులో ఉన్నాడు.

"అన్నా, ఈడ కెటిల్ కప్పని ఒకటి ఆడతాండాం. మొదటి ఓవరు అందురూ ఒట్టికాళ్లతోనే ఆడాలంట. యా దేశపోళ్లు పెట్టినారో, ఎందుకు పెట్టినారో ఈడ ఎవురికీ తెల్దు. నువ్వున్నెప్పుడు కూడా ఉండెనా?"

రామాంజినమ్మ కూడా విన్నది. టీవీ వైపు చూస్తూనే అన్నది. "బాగుండాది. ఆడుండేటోళ్లు ఎందుకో తెలీకుండానే బూట్లు ఇడుస్తాండారు. మనకు ఎందుకో తెలుసు, ఇడ్సేకి కళ్లమే లేదు. మన శెనక్కాయలు తారు రోడ్డు మీద లారీల కింద ఆరతాండాయి."

 నాకు ఆ పొద్దున కనబడుతోంది. పిచ్ అంచున వరసగా బూట్లు, ఐదు దేశాలవి, ఒకే ఎర్రమన్ను పట్టినవి. వాటి చివర, లేసులు లోపలికి మడిచి జాగ్రత్తగా పెట్టిన కమాండర్ బూట్లు.