విమానంలో నేను విడవని మూట

మొన్న మోత్కూరులో టీకొట్టు దగ్గర మా మేనల్లుడు తన ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. ఎక్కడో గాలిలో ఉండగానే ఇంజను చెడిపోయి మంటలు కక్కుతున్న విమానం, లోపల జనం ఏడుపులు, ఆ ఏడుపుల మీద ఎవరో అతికించిన పాట. చుట్టూ చేరినవాళ్లు టీ చప్పరిస్తూ చూస్తున్నారు. "మామా, నీ ముచ్చట గూడ గిట్లనే గదా, జర చెప్పు వీళ్లకు" అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. నా రోతంతా ఆ ఫోను మీదే అనుకుంటే నన్ను నేను మోసం చేసుకున్నట్టే.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఢిల్లీలో చేనేత ప్రదర్శనకు మా ఇంటామెనూ నన్నూ పిలిచారు. మగ్గం మీద కూర్చునేది నేనే అయినా, రంగుల కోసం పోగులకు ముడులు కట్టేదీ, కండెలు చుట్టేదీ ఆమే. సగం చీర ఆడవాళ్లదేనని మాలో ఎవరినడిగినా చెబుతారు, చెప్పి మగవాడి పేరే రాయిస్తారు. నెలల తరబడి నేసిన నాలుగు పట్టుచీరలను ధోవతిలో మూటగట్టి తీసుకెళ్లాను. విమానంలో పైన అరలో పెట్టించారు గానీ, గాలిలోకి లేచాక ఊరుకోలేక దించి ఒళ్లో పెట్టుకున్నాను.

మా ఇళ్లలో ఒక అలవాటు ఉండేది. రాత్రిపూట వాన కొట్టి కప్పు కారితే మా నాయిన మొదట మగ్గం మీద పట్టా కప్పి, ఆ తర్వాతే మమ్మల్ని లేపేవాడు. పోగు తడిస్తే ఇంటిల్లిపాదీ పస్తు కనుక, మేం తడుస్తూనే ఆ పట్టా కొసలు పట్టుకునేవాళ్లం, అందులో తప్పేదో ఉందని ఎవరికీ తోచలేదు.

విమానం లేచిన కాసేపటికి రెక్క దగ్గర తుపాకీ పేలినట్టు చప్పుడై, ఒక్క కుదుపు కుదిపి, కాలిన వాసన కొట్టింది. మగ్గం చప్పుడులో ఒక్క దెబ్బ తప్పినా పట్టే చెవి నాది. ఒకపక్క ఇంజను ఆగిపోయిందని అందరికంటే ముందు నాకే తెలిసింది. ముందు సీటాయన ఫోనులో తన మొహమే వీడియో తీసుకుంటూ ఏడ్చాడు, ఏడుపు సరిగా రాలేదేమో మళ్లీ తీసుకున్నాడు. నడుమ సీట్లో ఉన్న మా ఇంటామె నా వైపు చెయ్యి చాపి, "జర నా చెయ్యి పట్టుకో, బుగులైతాంది" అంది. నేను రెండు చేతులతో మూటను గుండెకు అదుముకున్నాను. ఆ చెయ్యి కాసేపు నా మోచేతి మీద ఉండి, జారి, అటుపక్క కూర్చున్న ముక్కూమొహం తెలియని ముసలామె చేతిలోకి వెళ్లింది. విమానం దిగేదాకా ఆ ముసలామె వదల్లేదు.

మిగిలిన ఇంజనుతోనే వెనక్కి తిప్పి హైదరాబాదులో క్షేమంగా దించారు. ప్రదర్శనకు మమ్మల్ని వెంటబెట్టుకుని వస్తున్న చేనేత శాఖ సారు పరుగున వచ్చి, మా ఆమెను ఎట్లున్నవని కూడా అడగకుండా మూట విప్పి చూసుకుని, నా భుజం తట్టాడు. నేను పొంగిపోయాను. నా రోత అసలు ఆ పొంగు మీదే. అక్కడితో ఆగానా, ప్రాణం పోతున్నా చీరలు విడవలేదని పెళ్లిళ్లలో, చావుల దగ్గర, సొసైటీ మీటింగుల్లో ఏళ్ల తరబడి చెప్పుకుని శభాష్‌లు తిన్నాను. ఆమె కండెలు చుట్టుకుంటూ వినేది. ఒక్కనాడూ కాదనలేదు, తన చెయ్యి సంగతి ఎవరికీ చెప్పలేదు. నా నోటి మాటకు నాకే అసహ్యం పుట్టడానికి ఇన్నేళ్లు పట్టింది, ఛీ.

మోకాళ్లు పట్టేశాక మగ్గం విప్పేశాం. నాయిన కప్పిన పట్టాలు లేవు, కారే కప్పూ లేదు, చేతుల్లో కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. దవాఖానకు నల్లగొండ వెళ్లినప్పుడు బస్టాండు ముందు రోడ్డు దాటబోతూ ఆమెకు చెయ్యి అందిస్తాను. ఆమె కోపంగా ఏమీ చూడదు. సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "నువ్వు నడువు, నేనొస్త" అంటుంది.