గొంతు పోయాక నేర్పిన పద్యం

కొవ్వూరు వరహాలక్ష్మి ముప్పయ్యేళ్లు పద్యనాటకాల్లో రాజు వేషం కట్టింది. మీసం పెట్టుకుని ఆమె రాగం తీస్తే జనం వన్స్‌మోర్ కొట్టకుండా వదిలేవారు కాదు. తర్వాత తనే నాటకాలు ఆడించింది, పిల్లలకు నేర్పింది. పెళ్లి చేసుకోలేదు. నాటకాల వాళ్లే ఆమెకు చుట్టాలు.

నాలుగేళ్ల క్రితం గొంతులో గడ్డకు ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది గానీ మాట గుసగుసకు దిగిపోయింది. పాడలేని మనిషి దగ్గర పద్యం ఏం వస్తుందని పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఫోన్ చేసినవాళ్లు కూడా "వినబడట్లేదండీ" అని పెట్టేసేవారు.

చివరికి మిగిలింది వీరదుర్గ ఒక్కతే. ధవళేశ్వరంలో చేపలమ్మే తలుపులమ్మ కూతురు, ఇంటర్ చదువుతోంది. కాలేజీ అయ్యాక బస్సెక్కి కొవ్వూరు వచ్చేది. వరహాలక్ష్మి హార్మోనియం మీద స్వరం చూపించేది; ఊపిరి ఎక్కడ పట్టాలో ఆ పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనించి చెప్పేది. రాగాన్ని ఎక్కడ విరవాలో చెప్పడానికి మాత్రం చెయ్యి చాలేది కాదు.

తణుకు నాటక పోటీల్లో వీరదుర్గ చేత రాజు వేషం కట్టించింది. మొదటి పద్యం చివర పిల్ల రాగం అందుకుంది. జనం వన్స్‌మోర్ అని అరిచారు. తెర పక్కన నిలబడ్డ వరహాలక్ష్మి ఒళ్లు జలదరించింది. మరుక్షణమే అర్థమైంది, ఆ విరుపు తను నేర్పింది కాదు.

ఆట అయ్యాక వీరదుర్గ తలవంచుకుని చెప్పింది.

"రాజమండ్రిలో శివరామకృష్ణ మాస్టారి దగ్గర రెండు నెలల్నుంచి నేర్చుకుంటున్నానండి. చెబితే బాధపడతారని..."

"మరి నా దగ్గరికెందుకే రావడం?"

"మీరొక్కరే ఉంటారు కదండీ, మేడంగారూ."

వరహాలక్ష్మికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. "జాలిపడి వచ్చేవాళ్లకి నేను నేర్పను. రేపట్నుంచి రాకు" అంది.

పిల్ల నిజంగానే రాలేదు. మూడు వారాలు వరహాలక్ష్మి హార్మోనియం ముట్టుకోలేదు. అన్నది తప్పని మొదటి రోజే తెలుసు. ఒప్పుకోవడానికే అన్నాళ్లు పట్టింది.

ఒక ఆదివారం గోదావరి వంతెన దాటి రాజమండ్రిలో ఆ మాస్టారి ఇంటికి వెళ్లింది. వీరదుర్గ పాడుతూ ఆగిపోయింది. వరహాలక్ష్మి దగ్గరికెళ్లి, ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి, "ఇక్కడ ఊపిరి వదిలేస్తున్నావు" అంది. మాస్టారు విని, "పాట నేను చూసుకుంటానండి. నడక, నిలబడ్డం మీరు నేర్పండి" అన్నాడు.

ఇప్పుడు ఆమె ఆదివారాలు వెళ్తోంది. మిగతా ఆరు రోజులూ కొవ్వూరులో తన ఇంట్లో గుసగుసకు కూడా పని లేదు.