పెద్దమేడం అరవని వారం

ఆ రోజుల్లో నాకు మనుషుల కంటే పుస్తకాలు బాగా అర్థమవుతాయని గట్టి నమ్మకం. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లందరికీ వచ్చే జబ్బే అది, నాకు కొంచెం ముదిరింది. చాంద్రాయణగుట్టలో ఒక మోటార్ వైండింగ్ షాపు పైన రెండు అంతస్తుల్లో నడిచే చిన్న ప్రైవేటు బడిలో నేను సోషల్ టీచర్‌ని. పురానాపూల్ నుంచి బస్సులు మారి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, టిఫిన్ డబ్బా ఒక చేత్తో పట్టుకుని వెళ్లేదాన్ని. ఇంటికొచ్చాక దూరవిద్యలో స్కూల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చదివేదాన్ని. అందులో నాయకత్వం మీద ఒక పాఠం ఉండేది. నాయకులు రెండు రకాలట. అందరినీ అడిగి నడిపేవారు ప్రజాస్వామ్య నాయకులు, ఎవరినీ అడగకుండా నడిపేవారు నిరంకుశ నాయకులు. మీరు పనిచేసే చోట ఒక నాయకుణ్ని గమనించి ప్రాజెక్టు రాయండి అన్నారు. నేను ఎక్కడా వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. మా పెద్దమేడం ఉంది కదా!

పెద్దమేడం అంటే మా బడి పెట్టిన మనిషి, బడికి హెడ్‌మిస్ట్రెస్ కూడా. మెట్ల మలుపులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. అక్కడినుంచి కింది గేటూ, పై వరండా రెండూ కనబడతాయి. కనబడనివి ఆవిడ గొంతుకు అందుతాయి. పైన మూడో తరగతి పిల్లవాడిని తిడితే కింద రోడ్డు మీద ఆటోవాళ్లు హారన్ కొట్టడం ఆపేసేవారు (నమ్మకపోతే ఆ అడ్డాలో ఎవరినైనా అడగండి). బడికి ఇత్తడి గంట ఒకటి ఉండేది గానీ దాని మాట ఎవరూ వినేవారు కాదు. "ఏయ్, పీరియడ్ అయిపోయింది, కదలుండ్రి!" అన్న కేక వినబడితేనే మేము చాక్‌పీసు కింద పెట్టేవాళ్లం.

ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఆవిడను చూస్తూ రాసుకుంటున్నాను. ఆవిడ నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"ఏంది బిడ్డా, నన్ను చూసుకుంట గట్ల రాస్తున్నవ్?"

అబద్ధం చెప్పే తెలివి నాకు అప్పటికి రాలేదు. పాఠం సంగతి, రెండు రకాల సంగతి అంతా చెప్పేశాను.

"మరి నేను ఏ రకం?"

"నిరంకుశ... రకం మేడం."

రేపటినుంచి బస్సు ఖర్చులు మిగులుతాయనుకున్నాను. కానీ ఆవిడ నా ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. మొహంలో కోపం లేదు. కొత్త వంట రుచి చూసే మనిషి మొహంలా ఉంది.

"అందర్ని అడిగి చేస్తే ఏమైతది?"

"సిబ్బందిలో ఉత్సాహం పెరుగుతుందని రాశారు మేడం."

"పెరుగుతదా? అయితే చూద్దాం పా! సోమారం నుంచి నేను అరవ. ఏదైనా అందర్ని అడిగే చేస్త. నువ్వు మంచిగ చూసి రాసుకో. కానీ ఎవ్వరికి చెప్పకు. తెలిస్తే నాటకాలు చేస్తరు."

సోమవారం ప్రార్థన కాగానే టీచర్లందరినీ పిలిచింది. "మధ్యాహ్నం బువ్వ బెల్లు ఎప్పుడు కొడితే మంచిగుంటది? మీరేమంటరు?" అని అడిగింది. అదీ ఎంత మెల్లగా అంటే, వెనక నిలబడ్డ లెక్కల సార్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. చివరికి హిందీ టీచర్, "మీరెట్లంటే గట్లనే మేడం" అంది. "అట్ల కాదమ్మా, నీ మనసుల మాట చెప్పు" అంది పెద్దమేడం. అంతే, హిందీ టీచర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని, "విన్నవా ఎంత మెల్లగ మాట్లాడుతుందో? మా మేనమామ బేగంబజార్ల దుకాణం అమ్మే ముందు గిట్లనే మాట్లాడిండు" అని గుసగుసగా అంది.

మర్నాటికల్లా బడి అమ్ముడుపోయింది. అంటే, హిందీ టీచర్ నోట అమ్ముడుపోయింది. లెక్కల సార్ వేరే బడుల్లో ఖాళీలు కనుక్కోవడం మొదలుపెట్టాడు. పిల్లల అవస్థ ఇంకా విచిత్రం. మెట్ల మలుపు దాకా దడదడా పరుగెత్తుకొచ్చి, తిట్టు కోసం ఆగేవారు. తిట్టు రాకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడేవారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరో తల్లి వాయిస్ మెసేజ్ పెట్టింది. "దో దిన్ సే మేడం కీ ఆవాజ్ నై ఆరీ, తబియత్ ఠీక్ హై నా?" అని, అంటే రెండ్రోజులుగా మేడం గొంతు వినబడటం లేదు, ఒంట్లో బాగానే ఉందా అని. ఆ సాయంత్రమే ఒకావిడ గొంతు బాగుపడాలని ఫ్లాస్కులో జోషాందా కషాయం పట్టుకొచ్చింది. ఇంకొకాయన కలకండ పంపాడు. బడి చేతులు మారేట్టయితే మా పిల్లలను వేరే చోట వేస్తామని ముగ్గురు నలుగురు గేటు దగ్గర మాట్లాడుకోవడం నా చెవిన పడింది. నా ప్రాజెక్టు పుణ్యమా అని బడే మూతపడేట్టుందని నాకు అన్నం సయించలేదు.

బుధవారం ఆ కషాయం తాగుతూ పెద్దమేడం నన్ను పిలిచింది.

"ఉత్సాహం ఏడ పెరిగింది బిడ్డా? నేను అరిస్తే భయపడుతరనుకున్న. అరవకుంటేనే ఎక్కువ భయపడుతున్రు. గిది నీ పుస్తకంల ఉన్నదా?"

పాఠం అంతా తిరగేశాను. లేదు.

"ఆపేద్దాం మేడం" అన్నాను.

"ఎందుకాపుతం? ఏమైతదో చూడొద్దా?" అంది. ఆవిడ కళ్లలో మెరుపు చూసి, ఈ చదువు చదవాల్సింది నేను కాదేమో అనిపించింది.

శుక్రవారం మీటింగులో మళ్లీ అడిగింది. "బడి ఇంక మంచిగ నడవాలంటే ఏం చేద్దాం?" కాసేపు ఫ్యాను కేసి చూసిన లెక్కల సార్ లేచి నిలబడ్డాడు.

"ఎట్లాగు పోయేటోళ్లమే గద మేడం, ఒక్కమాట చెప్త. గా ఫ్యాను తిరగది. మీకు చెప్పనీకి భయపడి ఎండాకాలమంత అట్టముక్కతోని ఊపుకున్న."

దాంతో కట్ట తెగింది. హిందీ టీచర్ కళ్లు తుడుచుకుంటూనే, "చిన్నపిల్లల క్లాసులు పైన పెట్టిన్రు, పెద్దోళ్లయి కింద పెట్టిన్రు. బడి ఇడిసినప్పుడు మెట్ల మీద చిన్నోళ్లు పడుతున్రు మేడం. కొనేటోళ్లకైన చెప్పి పోండ్రి" అంది. సైన్స్ టీచర్ మంచినీళ్ల డ్రమ్ము గురించి, డ్రాయింగ్ సార్ తన పీరియడ్‌ను ఎప్పుడూ పరీక్షలకు లాక్కోవడం గురించి చెప్పారు. బడి పోతోందన్న ధైర్యంతో అందరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. నా పెన్ను పరుగెత్తింది. పుస్తకంలో రాసిన ఉత్సాహం కళ్లముందు పొంగుతోంది, పుస్తకంలో లేని కారణంతో!

పెద్దమేడం ఒక్కొక్కరినీ మార్చి మార్చి చూసింది.

"కొనేటోళ్లా? ఎవరు కొనేటోళ్లు? ఎవరమ్ముతున్రు నా బడి?"

అంత మెల్లగా మొదలైన మాట ‘బడి’ దగ్గరికి వచ్చేసరికి పాత గొంతు అయిపోయింది. కిటికీ రెక్కలు అదిరాయి. కింద హారన్లు ఆగాయి. ఆ తరువాత పై అంతస్తు తరగతుల్లోంచి పిల్లలు "హో!" అని కేకలు పెట్టి చప్పట్లు కొట్టారు. హిందీ టీచర్ ఈసారి నవ్వుతూ ఏడ్చింది.

సోమవారానికి చిన్నపిల్లలు కిందికి వచ్చారు. ఫ్యాను తిరిగింది. అప్పటినుంచి ప్రతి శనివారం మీటింగు పెట్టడం మాత్రం అలవాటైపోయింది. "అందరు అభిప్రాయం చెప్పాలె! చెప్పకుంట కూసున్నోళ్ల సంగతి చూస్త!" అని పెద్దమేడం అరిచేది. అందరూ భయంతో స్వేచ్ఛగా మాట్లాడేవారు. ఆవిడను ఏ రకంలో వెయ్యాలో తెలియక నేను ప్రాజెక్టులో ‘గొంతుగల ప్రజాస్వామ్యం’ అని రాశాను. దిద్దినాయన దాని కింద ఎర్ర సిరాతో ‘అలాంటి శైలి లేదు’ అని రాసి, పాస్ మాత్రం చేశాడు.

ఇప్పుడు నేనూ ఒక జూనియర్ కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్ని. మీటింగుల్లో ఎంతో మర్యాదగా "మీరేమంటారు?" అని అడుగుతాను. "మీరెలా అంటే అలాగే మేడం" అంటారు అంతకంటే మర్యాదగా. మొన్న ఒక కొత్త లెక్చరర్ అమ్మాయి ఏదో రాసుకుంటూ నావైపు చూసి, చటుక్కున తలదించుకుంది. దగ్గరికి వెళ్లి, నేను ఏ రకం అని అడుగుదామని రెండడుగులు వేశాను కూడా. ఆ పిల్ల నిజం చెప్పేస్తుందేమోనని వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చుని, చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.