యాలాల్ కోలాటానికి పదహారు గళ్ళు

ఈ రోజు శుక్రవారం. పోయిన వారం బుధవారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు వికారాబాద్ ఆసుపత్రిలో మా వియ్యపురాలు కన్నుమూసింది. నా కొడుక్కి అత్తగారు, నాకు వదిన, ఆమెకు నేనూ వదిననే, వయసులో నాకన్నా ఆరేళ్ళు చిన్నది. ఎల్లుండి సాయంత్రం యాలాల్ ఊరి కోలాటం ఆడవాళ్ళ ముందు ఆమె ఆఖరిగా చేసిన వరసను నేను వాయించాలి. అందులో తప్పు రాకూడదు. జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టుకుంటే తప్పు రాదని ఇప్పుడు రాస్తున్నాను.

తాండూరులో వదిన భర్తకు మైక్ సెట్ల దుకాణం ఉండేది. ఆయన పోయాక దుకాణం మూసేశారు. ఎప్పుడో ఒక ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర కొన్న పాత సింథసైజర్ వర్క్‌స్టేషన్ మాత్రం ఇంట్లో మిగిలింది. చూడటానికి పెద్ద కీబోర్డ్ లాగే ఉంటుంది. వందల వాయిద్యాల గొంతులు, ఒక చిన్న తెర, దాని చుట్టూ బొత్తాలు. ఏడో తరగతి దాటని వదిన ఆ తెర మీది ఇంగ్లీషు మాటలను మనుషుల ముఖాలను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేది. చుట్టుపక్కల ఊళ్ళ భజన బృందాలకు, కోలాటం ఆడేవాళ్ళకు వెనక సంగీతం దానిమీదే చేసి పెట్టేది.

నేను మొదట అది విన్నది మూడేళ్ళ కిందట, మనవరాలి పుట్టినరోజుకు పిలవడానికి వెళ్ళినప్పుడు. గాజులవాళ్ళ మలారం లోంచి గాజులు ఒక్కొక్కటే జారుతున్నట్టు చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. లోపల వదిన ఎడమ చేత్తో మూడు మీటలు నొక్కిపట్టి, కుడి చేత్తో చాటలో కందిపప్పు ఏరుతోంది.

“రికార్డు పెట్టినవా?” అన్నాను.

“రికార్డు గాదు వదినా. చెయ్యి తీస్త, జూడు.”

చెయ్యి తీసింది. చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది. ఆమె నొక్కింది మూడే స్వరాలు. యంత్రం వాటిని విడదీసి, ఆమె ముందే చెప్పిపెట్టిన వరసలో ఒకదాని వెనక ఒకటిగా పలికిస్తోంది. దాన్ని ఆర్పెజియేటర్ అంటారని ఆమే చెప్పింది. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన నేను ఆ రోజు పిలవడానికి వచ్చిన సంగతి మరిచి రెండు తిరుగు రైళ్ళు వదులుకున్నాను.

నేర్పమని అడగడానికి రెండు నెలలు పట్టింది. మేము మగపెళ్ళివాళ్ళం. వాళ్ళింటికి వెళితే నాకు కుర్చీ వేయాలి, ముందు నాకే వడ్డించాలి. వదిన అన్నీ చేసింది. చేతులు తుడుచుకుని, “గిప్పుడు పాఠం. కుర్చీ లేదు, కింద కూసో” అంది. కూర్చున్నాను.

వాళ్ళింటి నేల తాండూరు బండలది. వదిన దాని మీద సుద్దతో పదహారు గళ్ళు గీసేది. ఒక్కో గడి ఒక్కో అడుగు. ఏ గడిలో ఏ స్వరం, ఎంత గట్టిగా, ఎంత సేపు, అన్నీ ఆ గళ్ళ మీద నడిచి చూసుకునేది. నడక కుదిరాకే యంత్రంలోకి ఎక్కించేది. నన్నూ నడిపించింది. “కాలు ఈడ్వకు వదినా. నువ్వు ఈడిస్తే స్వరం ఈడుస్తది.” ప్రతి మంగళవారం వికారాబాద్‌లో రైలెక్కి, దారిలో ధారూర్ స్టేషను దాటేలోపు పాత పాఠం చదువుకుని, తాండూరులో దిగి ఆ గళ్ళలో నడిచాను.

నా మొదటి వరసలో పదహారు గళ్ళూ నింపాను. బడిలో హాజరు పట్టీలో ఒక్క గడి ఖాళీగా కనబడ్డా సంతకం పెట్టేదాన్ని కాదు. వదిన చివరిదాకా విన్నది.

“మంచిగున్నది. గని ఊపిరి ఎప్పుడు తీసుకోవాలె?”

“ఎవరు?”

“పాడెటోళ్ళు, ఆడెటోళ్ళు. బడిల పిల్లలకు ఇంటర్వెల్ ఇచ్చినవా లేదా ఎన్నడన్న?”

నాలుగు గళ్ళు చెరిపించింది. మిగిలిన పన్నెండూ నాకు అప్పుడే వినబడ్డాయి.

నేను మూడు నోటుపుస్తకాలు నింపాను. ఆమె ఒక్క ముక్కా రాసుకోలేదు. ఏ ఊరి మనుషులు ఎక్కడ తొందరపడతారో ఆమెకు తెలుసు. పూడూరు భజన వాళ్ళు రెండో చరణంలో పరుగెత్తుతారని అక్కడ వేగం ముట్టుకోకుండా స్వరాలను మెత్తబరిచింది. “ఆపితే అలుగుతరు. జర మెల్లగ వినవడితే వాళ్ళే ఆగి వింటరు” అంది. అలాగే విన్నారు. నేను వెళ్ళి చూశాను.

ఆమెను గుండె నొప్పితో ఆసుపత్రికి తెచ్చింది ఆ బుధవారానికి ముందు శుక్రవారం. ఆదివారం నేను బట్టలు, పాత రిపోర్టులు తేవడానికి తాండూరు వెళ్ళాను. ఎవరింట్లో అయినా ఊరికే వేసి ఉన్న స్విచ్ కనిపిస్తే ఆపుతాను. వంటింటి బల్బు ఆపాను. వెలుగుతున్న యంత్రాన్నీ ఆపాను. చేసిన వరసను భద్రపరచకుండా ఆపితే అది పోతుందని నాకు తెలుసు. వదిన ఎప్పుడూ భద్రపరిచేది కాబట్టి ఆ ఆలోచనే రాలేదు.

ఆసుపత్రికి వచ్చి, “మూడు రోజుల సంది నీ పెట్టె వెలుగుతనే ఉన్నది. అన్నీ ఆపి తాళమేసి వచ్చిన” అన్నాను.

వదిన నా వైపు తిరిగింది. “యాలాల్ వాళ్ళది అండ్ల ఉండె వదినా. సేవ్ చేసెటందుకు లేస్తుంటెనే నొప్పొచ్చింది.”

ఆమె నా ముఖం చూసి నవ్వింది. “ముప్పై ఏండ్లు పిల్లల నోర్లు మూయిస్తివి. ఆఖరుకు నా పెట్టె నోరు మూయించినవ్. పుస్తకం తియ్యి.”

నోటితో స్వరాలు చెబుతూ మంచం కమ్మీ మీద వేలితో కొట్టడం మొదలుపెట్టింది. మూడుసార్లు కొట్టింది, మూడుసార్లూ అణువంత తేడా లేదు. చేతికి సెలైన్ సూది ఉంది. నేను గళ్ళు గీసి రాసుకున్నాను. పదకొండో చోట మాత్రం ప్రతిసారీ వేలు లేచి, కిందికి రాలేదు, స్వరమూ చెప్పలేదు. అక్కడికి వచ్చేసరికి అలసిపోతోందనుకున్నాను. ఆ గడిలో పక్క స్వరమే రాసి నింపాను.

సోమవారం నా కొడుకు యంత్రాన్ని మా ఇంటికి చేర్చాడు. వరస ఎక్కించి, ఫోనులో పట్టి, మంగళవారం వదినకు వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది.

“పదకొండోది ఏడికెల్లి వచ్చింది?”

“నీ వేలు ఆగింది. నేను నింపిన.”

“ఆగలేదు వదినా. ఆపిన.”

అప్పుడు చెప్పింది. యాలాల్ బృందంలో అందరికన్నా పెద్దామెకు మోకాలు సరిగా మడత పడదు. అడుగు అందడం లేదని, ఈసారి నుంచి మానేస్తానని వదినకు చెప్పింది. వదిన సరేనలేదు, వద్దనలేదు. ఇంటికొచ్చి ఆమె నడకను బండల మీద తాను నడిచింది. ఆమె కాలు మార్చుకునే చోటు పదకొండో గడి. “ఆడ సప్పుడుంటే ఆమె ఉరుకుతది. ఉరికితే పడ్తది. సప్పుడు లేకుంటే అందరు ఆగుతరు. ఆమె ఒక్కతె ఆగినట్టు ఉండదు.”

“ఆమెకు తెలుసా?”

“తెలిస్తె వస్తదా?”

పదిమంది ఆడవాళ్ళు, ఇరవై కోలలు, ఒక మోకాలు. ఇంతటినీ ఆ మనిషి ఒక ఖాళీ గడిలో పట్టించింది. నేను ఎంతో చదువుకున్నాను. ఇలాంటి లెక్క మాత్రం ఎక్కడా చూడలేదు. మరునాడు ఉదయం ఆమె పోయింది. దిద్దిన వరసను ఆమె వినలేదు.

ఇక జరగవలసినవి:

1. పదకొండో గడి ఖాళీగా ఉన్న వరసను ఈ ఉదయం యంత్రంలో భద్రపరిచాను. రేపటిలోగా రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కూడా ఎక్కించాలి. ఒకటి కోడలి దగ్గర ఉండాలి. అది వాళ్ళమ్మది.

2. వదిన చేసిన మిగతా వరసలన్నీ విని, ఏది ఏ ఊరిదో రాసిపెట్టాలి. ఒక్కదాన్నీ నేను దిద్దకూడదు.

3. మోకాలి సంగతి ఆదివారం లోపు యాలాల్‌లో ఎవరికీ తెలియకూడదు. ఈ రాత చదివేవాళ్ళకు చేరేసరికి ఆదివారం దాటిపోతుంది. ఆ పెద్దామె చదివితే చదవనీ. అప్పటికి ఆమె ఆడేసి ఉంటుంది.

4. ఆదివారం నాలుగింటికి అందరూ నిలబడ్డాక, ఆ పెద్దామె వరసలో ఎక్కడుందో ముందు చూసుకోవాలి. మీటలు నొక్కాక నేను తెర వైపు చూడకూడదు. పదకొండో అడుగున కోలలన్నీ గాలిలో ఆగుతాయి. ఆమె బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుని, తిరిగి, పన్నెండో అడుగుకు పక్కామె కోలను తాకుతుంది. తాకాలి.