తడి నోట్లో సిమెంటు

ఈ ఉదయం ఏడూ ఇరవైకి ఇడ్లీ తింటుంటే నా దవడ పంటిలోని సిమెంటు ఊడి నాలుక మీదికొచ్చింది. అది మా ఆయన పెట్టింది. ఆయన పోయి ఎనిమిది నెలలైంది.

ఆయన తెనాలిలో పళ్ల డాక్టరు. ఆదివారాలు రేపల్లె వెళ్లి చూసేవారు. పక్కన నిలబడి దూది అందించే పని నాది. పన్ను పూడ్చడంలో సగం పని నోరు ఆరబెట్టడమేనని ఆయన నమ్మకం. చెంపకీ పంటికీ మధ్య దూది చుట్టలు పెట్టి, తడిసినవి తీసి కొత్తవి పెట్టి, ఆ తర్వాతే సిమెంటు నింపేవారు. గట్టిపడేలోగా ఉమ్మి తగిలితే అది సుద్దలా రాలిపోతుంది. మరీ ఆరిపోయినా పగుళ్లిస్తుంది. అందుకని పైన పలచగా వాజిలైన్ రాసి, గంటదాకా నీళ్లు ముట్టవద్దనేవారు. మా దగ్గరికొచ్చేవాళ్లకేమో డాక్టరు చెయ్యి తీయగానే పుక్కిలించకపోతే ప్రాణం ఒప్పదు. బాపట్ల నుంచి వచ్చిన ఒక పూజారిగారు కుర్చీ దిగి నేరుగా కుళాయి దగ్గరికి నడిచారు.

"ఆగండి పంతులుగారూ, నీళ్లు తగలకూడదండి!" అని మా ఆయన వెంటపడ్డారు.

"నోట్లో మరొకరి వేలు పెట్టాక పుక్కిలించకుండా ఎలాగండీ? ఉమ్మి మింగమంటారా ఏంటి?"

"మింగండి. మీదేగా!"

ఆ మాట పూర్తయ్యేలోగానే పంతులుగారు పుక్కిలించేశారు. మళ్లీ కూర్చోబెట్టి మొదటినుంచీ చేయాల్సి వచ్చింది. ఈసారి వాజిలైన్ రెండుసార్లు రాశారు.

నిరుడు మా ఆయనకి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు మూతి జారి, ఉమ్మి కారడం ఆగేది కాదు. పళ్ల డాక్టరు పళ్లు ఎవరు చూస్తారు? కుడివైపు కింద నమలడానికి ఒక్క దవడ పన్నే మిగిలింది, అదీ పుచ్చింది. అది నిలిస్తే అన్నం నమిలి తింటారు, లేకపోతే పిసికి పెట్టాలి. పిసికిన ముద్ద ఆయనకి అసహ్యం.

ఆయన దగ్గర పని నేర్చుకున్న డాక్టరొకడు బాపట్లలో ఉన్నాడు. రెండుసార్లు తీసుకెళ్లాను. రెండుసార్లూ వారం తిరక్కుండానే సిమెంటు ఊడింది. మూడోసారి దూది నేనే పట్టుకున్నాను. పెట్టిన చుట్ట పెట్టినట్టే నానిపోయింది.

"ఇంకొక్క ప్రయత్నం చేద్దాం సార్," అన్నాడతను.

మా ఆయన కుడిచేత్తో నా చెయ్యి పక్కకి తీశారు. మాట ముద్దగా వచ్చినా మా ఇద్దరికీ అర్థమైంది.

"వద్దు నాయనా. ఇంత తడి నోట్లో నేనైతే పెట్టను."

అతను కలిపిన సిమెంటు పక్కన పెట్టేశాడు. గురువుగారు చెప్పింది నిజమని అతనికి తెలుసు. ఆ పన్ను నెలకి విరిగింది. తర్వాత నాలుగు నెలలు, పోయేదాకా, పూటపూటా నేను పిసికి పెట్టిందే ఆయన మారుమాట లేకుండా తిన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో అన్నం పిసకడం లేదు.