దయానందం గారి వాయిదాలు

దయానందం గారి ముందు ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. తీసుకున్నారో, ఆ పూట ఇంక ఇంటికి వెళ్ళినట్టే. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, ఎంతో మర్యాదగా "బాగానే ఉందండి. దెబ్బ ఎవరికి?" అంటారు. ఆ దెబ్బ తగిలే మనిషి దొరికేదాకా, దొరికి నోరు విప్పేదాకా, నిర్ణయం అక్కడే కూర్చుంటుంది. దాంతోపాటు మనమూ కూర్చోవాలి.

ఆయన ఉద్యోగమే అలాంటిది. హాంబర్గ్‌లో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తారు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్ దేశాల్లో జరిగే చర్చలు వినడం ఆయన పని. వాతావరణం వేడెక్కకుండా ఉండాలంటే బొగ్గు, చమురు, గ్యాసు తగ్గించుకోవాలన్నది అక్కడ చాలామంది ఒప్పుకున్న మాటే. తగ్గించుకుంటే ఎవరి బతుకు తెరువు పోతుంది, ఆ బరువు ఎవరెంత మోయాలి అన్న దగ్గరే వాదన తెగదు. సముద్రంలో చమురు తీసే కూలీలు, పొయ్యిల కోసం బురదనేల తవ్వి ఎండబెట్టి అమ్మేవాళ్ళు, గాలిమరలు పెడితే మేత భూములు పోతాయనే రెయిన్‌డీర్ కాపరులు, వీళ్ళందరి మాటలూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెవుల్లో పెట్టుకుని వింటారు.

"రోజూ అంతమంది కష్టం చెవుల్లో పోసుకుని వచ్చే మనిషి మామూలుగా ఎలా ఉంటాడు చెప్పు" అని లీల ఆంటీ ఆయన్ని వెనకేసుకొస్తారు. ఆవిడ ఆయన భార్య. ఆ మాత్రం వెనకేసుకురాకపోతే ఆ ఇంట్లో రోజు గడవదు.

ఇక నా సంగతి. నేనొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మీటింగులు నడుపుతాను. అందరినీ నిలబెట్టి, పావుగంటలో ముగించి పంపించెయ్యడం నా వృత్తి. హాంబర్గ్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసం కమిటీలో నేనూ ఉన్నాను, దయానందం గారూ ఉన్నారు. ఇద్దరినీ ఒకే కమిటీలో వేసిన దేవుడి ఉద్దేశం నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఒకసారి లీల ఆంటీకి ఆసుపత్రిలో డ్యూటీ వేళలు మారాయి. పచ్చడి ఇకనుంచి ఉదయం ఆరింటికే రుబ్బుకుంటానన్నారు.

"బాగానే ఉంది. దెబ్బ ఎవరికి?" అన్నారీయన.

"ఎవరికుంటుందండీ? మిక్సీకి."

ఆయన తిన్నగా కింది అంతస్తుకు వెళ్ళి క్రూగర్ గారి తలుపు కొట్టారు. ఆ ముసలాయన చెత్త ఏ డబ్బాలో వెయ్యాలన్న విషయం తప్ప ఆ భవనంలో ఎవరితోనూ ఇంకో మాట మాట్లాడి ఎరగడు. "మా మిక్సీ గురించి మీ అభిప్రాయం వినడానికి వచ్చానండి" అనేసరికి ఆయన లోపలికి రమ్మని కుర్చీ వేశాడు. మిక్సీ గురించి రెండు ముక్కలు చెప్పి, మోకాళ్ళ గురించీ, రైళ్ళు ఆలస్యంగా రావడం గురించీ, పోయిన భార్య గురించీ సాయంత్రం దాకా చెప్పాడు. ఆ తర్వాత పచ్చడి రుబ్బే వేళ ఏడుకు మారింది. రుబ్బిన పచ్చడిలో సగం రోజూ కింది అంతస్తుకు వెళుతోంది.

మా పేటలో డీజిల్ బస్సులు తీసేసి కరెంటు బస్సులు వేస్తామని, దానికోసం ఒక స్టాపు జరుపుతామని ఊరివాళ్ళతో ఒక సభ పెట్టారు. దయానందం గారు ఆ బస్సు ఎక్కరు. ఆ స్టాపు ఎక్కడుందో కూడా ఆయనకు సరిగ్గా తెలియదు. అయినా వెళ్ళి మొదటి వరసలో కూర్చుని చెయ్యి ఎత్తారు. ఇలాంటివి నాలుగైదు సభలు అయ్యాక అక్కడి ఆఫీసరే తెలివిమీరాడు. తన ఆఖరి స్లయిడు మీద ఆ ప్రశ్న తనే వేసుకుని, తనే జవాబు చెప్పుకుని, ఆయన వైపు తిరిగి ఒక నమస్కారం పెడుతున్నాడు.

పోయిన క్రిస్మసుకి పిల్లల నాటకంలో గొర్రెలు మరీ ఎక్కువయ్యాయని ఇద్దరిని తగ్గించాం. ఇక చెప్పాలా. తగ్గిన రెండు గొర్రెల్నీ పిలిపించి, కుర్చీల్లో కూర్చోబెట్టి, "మీకేమైనా అన్యాయం జరిగిందనిపిస్తోందా అమ్మా?" అని అడిగారు. ఒక గొర్రె "మియర్ ఎగాల్" అంది, నాకేం పట్టదని. రెండో గొర్రె ఆ ఉన్ని టోపీ దురద పెడుతుందనీ, వదిలితే చాలనీ చెప్పింది. ఆయన తృప్తిగా తల ఊపి, మిగిలిన గొర్రెలకు కూడా దురద పెడుతుందేమో అడగాలన్నారు. ఆ ఏడు మా నాటకంలో గొర్రెలు లేవు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈస్టర్ తర్వాత మొదలైన పొయ్యి గొడవ మీకు అర్థం కావాలని.

మేము ఆరాధన చేసుకునే హాలు ఒక జర్మన్ చర్చిది. నెలకొక ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కలిసి అక్కడే ప్రేమవిందు తింటాం. వండేది ఎస్తేరమ్మ గారు. భర్త పోయాక నరసాపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చేశారు. జర్మన్ రాదు, ఇంగ్లీషు రాదు. కొడుకూ కోడలూ ఆఫీసులకీ, మనవడు కీటా అనే పసిపిల్లల బడికీ వెళ్ళిపోతే ఆవిడకి మిగిలేది కిటికీ, అవతల వాన. ఆ ఒక్క ఆదివారం మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్న సత్తు డేగిసాలు పొయ్యెక్కించి, హాలంతటికీ బిర్యానీ వండి, తిననివాళ్ళని తిట్టి మరీ తినిపిస్తారు.

హాలు బాగోగులు చూసే ఫ్రావ్ పీటర్సెన్ అనే ఆవిడ వచ్చి ఒక మాట చెప్పింది. చర్చి వాళ్ళు భవనానికి గ్యాసు తీసేస్తున్నారు. హీటింగుకి కరెంటుతో నడిచే హీట్ పంపు, వంటకి ఇండక్షన్ పొయ్యి పెడతారు. హాలు వాడుకునే సంఘాలన్నీ సరేననాలి. కొరియా వాళ్ళు అన్నారు, ఘానా వాళ్ళు అన్నారు, మేమే మిగిలాం. చర్చి వాళ్ళతో మాట్లాడే పని దయానందం గారికి అప్పగించి కమిటీ కూర్చుంది.

"మంచిదే కద. భూమికి మంచిది" అన్నాడు మా అధ్యక్షుడు నథానియేల్. వరంగల్ వాడు. దేనికైనా తొందరే. "అందరం సరేనా? అయిపాయె. ప్రార్థన చేసుకోని పోదాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత త్వరగా ముగిసిన మీటింగు మా కమిటీ చరిత్రలో లేదు.

"బాగానే ఉందండి" అంటూ దయానందం గారు కళ్ళజోడు తీశారు.

నథానియేల్ కళ్ళు మూసుకున్నాడు. "ఎవరికీ దెబ్బ లేదంకుల్. గ్యాసు పోతది, కరెంటొస్తది. వంట వంటనే."

"వండేవాళ్ళని అడిగారా?"

ఎస్తేరమ్మ గారిని పిలిచి కూర్చోబెట్టారు. గ్యాసు పొయ్యి తీసేసి కరెంటు పొయ్యి పెడతారట, మీకేమైనా ఇబ్బందాండి అని అడిగారు. ఆవిడ అందరి మొహాలూ చూసి కొంగు సర్దుకున్నారు.

"నాదేముందండీ. మీరెలాగంటే అలాగే."

"చూశారా అంకుల్" అన్నాను నేను.

"ఆంటీకి కష్టమైతే భోజనం బయట హోటల్ నుంచి తెప్పిద్దాం" అన్నాడు నథానియేల్, మంచి మనసుతోనే. "ఆమెక్కూడ రెస్ట్ అయితది. ఎన్ని దినాలు చేస్తది పాపం."

ఎస్తేరమ్మ గారు తల ఊపి వంటగదిలోకి వెళ్ళారు. కడిగిన డేగిసానే మళ్ళీ తోమడం మొదలుపెట్టారు. దయానందం గారు ఆ చప్పుడు వింటూ కళ్ళజోడు చాలాసేపు తుడిచారు. తర్వాత "ఇంకా వినవలసినవాళ్ళు ఉన్నారండి. వాయిదా వేద్దాం" అన్నారు.

అది మొదలు. మరుసటి నెల మీటింగులో, చర్చిలో ఆర్గన్ వాయించే ఆయనకు బిర్యానీ వాసన కొత్త పొయ్యి మీద ఎక్కువ వస్తుందేమో అడగాలన్నారు. అడిగితే ఆయన ఎక్కువ వస్తే సంతోషమేనన్నాడు. ఆపై నెల, ఇండక్షన్ దగ్గర నిలబడితే గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు పడదేమో కనుక్కోవాలన్నారు. మా సహవాసంలో పేస్‌మేకర్ ఎవరికీ లేదు. "ఇకముందు పెట్టుకోబోయేవాళ్ళ మాటేమిటండి?" అన్నారు. ఆ పేరు చెప్పి ఇంకో వాయిదా పడింది.

"ప్రభువు రెండో రాకడ లోపల ఈ పొయ్యి సంగతి తేలుతదా సహానా?" అని నథానియేల్ నన్ను ట్రైన్‌లో అడిగాడు. నేను తేలుస్తానన్నాను. ఆ శనివారమే దయానందం గారి ఇంటికి బయలుదేరాను. పెద్దవారైనా సరే, కడిగిపారేద్దామనే వెళ్ళాను.

తలుపు తియ్యగానే మాడు వాసన గుప్పుమంది. వంటగదిలో ఇండక్షన్ పొయ్యి ముందు ఎస్తేరమ్మ గారు స్టూలు వేసుకుని, నడుముకి కొంగు బిగించి, దాన్ని కొట్టేట్టు చూస్తున్నారు. బల్ల దగ్గర దయానందం గారు బిర్యానీ తింటున్నారు. కింది మెతుకులు నల్లగా, పైవి పలుకుగా ఉన్నాయి.

"రా సహానమ్మా, కూర్చో. తిందువుగాని."

"ఏంటంకుల్ ఇది?"

"మొదట్లో తిన్నవాటితో పోలిస్తే ఇది చాలా నయమమ్మా."

లీల ఆంటీ నవ్వు ఆపుకోలేక చెప్పారు. "ప్రతి శనివారం ఇదే తంతు. మొదటిరోజు ఆవిడ సత్తు డేగిసా పెడితే పొయ్యి అసలు పనే చెయ్యలేదు. తనంటే దానికి పడదనుకున్నారు పాపం. ఈయన ఫ్రిజ్జు మీది అయస్కాంతం పీకి పట్టుకుని షాపుల వెంట తిరిగారు, అది అడుగుకి అంటుకునే గిన్నె అయితేనే ఆ పొయ్యి పనిచేస్తుందని. ఒక షాపులో సెక్యూరిటీ వాడు ఈయన్ని గుమ్మం దాకా సాగనంపాడు."

"మంట కనపడదమ్మా" అన్నారు ఎస్తేరమ్మ గారు. "మంట చూడకుండా సెగ ఎంతుందో నాకేం తెలుస్తుంది? ఆ అంకెలేమో నన్ను చూసి మినుకు మినుకుమంటాయి. రాదని నలుగురిలో చెప్పాననుకో, పెద్దావిడ, కూర్చోబెట్టేద్దాం అంటారు. కూర్చున్నానంటే నేనింక లేవనే. ఆ ఒక్క ఆదివారమే కదా నన్ను ఎవరైనా పేరు పెట్టి పిలిచేది." గిన్నె మీద మూత సర్ది, "ఎవరికీ చెప్పకమ్మా" అన్నారు.

నేను దయానందం గారి వైపు తిరిగాను. "మీకెలా తెలిసింది?"

"ఆ రోజు 'నాదేముందండీ' అన్నారు కదమ్మా. నేను వినే సభల్లో కూడా అసలు దెబ్బ తగిలేవాళ్ళు ముందు ఆ మాటే అంటారు."

"అయితే ఆ ఆర్గనూ, పేస్‌మేకర్లూ?"

"ఆవిడకి టైం కావాలి. కావాలని అడగడానికి ఆవిడకి సిగ్గు. నాకు సిగ్గు లేదు కదమ్మా."

"మీవల్ల చర్చి వాళ్ళ పని ఆగిపోయింది కదంకుల్?"

"ఏమీ ఆగలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చే తేదీ దొరికింది అక్టోబర్ చివర. ఫ్రావ్ పీటర్సెన్‌ని మొదటి వారమే అడిగాను. సెప్టెంబర్ దాటకుండా చెబితే చాలంది. మార్పు రావలసిందేనమ్మా, నేనేం వద్దనను. ఆవిడని వదిలేసి రాకూడదు, అంతే."

కడిగిపారెయ్యడానికి వెళ్ళినదాన్ని మాడు బిర్యానీ తిని వచ్చాను. చెప్పొద్దూ, ఆ రోజు ఆయనంటే నాకు చాలా ఇష్టం కలిగింది.

సెప్టెంబర్ మీటింగుకి నథానియేల్ నడుం బిగించుకుని వచ్చాడు. "ఇయ్యాల తేలాలె. వచ్చే నెలకెళ్ళి భోజనం బయట నుంచే. రెస్టారెంటుతోని మాట్లాడిన."

అందరం దయానందం గారి వైపు చూశాం. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. ఎప్పుడూ లేనిది, ఆయన దగ్గర సరుకు అయిపోయింది. పోయిన శనివారం బిర్యానీ ఎలా కుదిరిందో నాకు తెలియదు. వంటగది తలుపు దగ్గరగా వేసి ఉంది. చూస్తూ చూస్తూ నా చెయ్యి దానంతట అదే లేచింది.

"నాదో సందేహం" అన్నాను. "శుక్రవారాలు ఈ హాల్లో చదరంగం ఆడుకునేవాళ్ళు వస్తారు కదా. వాళ్ళని ఎవరైనా అడిగారా?"

"చదరంగానికి పొయ్యికి ఏం సంబంధం సహానా?"

"అదే కదా అడిగితే తెలిసేది."

"నువ్వు గూడనా?" అని నథానియేల్ తల పట్టుకున్నాడు. దయానందం గారు మాత్రం గబగబా "చాలా ముఖ్యమైన విషయమండి" అన్నారు.

వంటగది తలుపు తెరుచుకుంది. ఎస్తేరమ్మ గారు గరిటె చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"ఏంటయ్యా ఈ చర్చ? ఈస్టరుకి మొదలెట్టారు, క్రిస్మసు దాకా లాగుతారా? చదరంగమంట. ఆ గ్యాసు తీసెయ్యమని చెప్పండి. ఆ మసంతా తోమేది మీరా, నేనా?"

"మరి వంట, ఆంటీ?" అన్నాడు నథానియేల్ మెల్లగా. "బయటి నుంచి..."

"బయటి నుంచెందుకు, నా చేతులేమైనా పడిపోయాయా? ఎనిమిది మీద పొంగించి, మూడుకి దించి దమ్ము పెట్టుకోవాలి. మెతుక్కి మెతుకు అంటుకుంటే నన్నడుగు. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలు కావాలి. సత్తువి దానిమీద పనిచెయ్యవు, ముందే చెప్తున్నాను."

"ఇవన్నీ మీకెట్ల తెలుసాంటీ?"

"దేవుడిచ్చిన బుర్ర ఉంది కదయ్యా" అన్నారావిడ. దయానందం గారి వైపు పొరపాటున కూడా చూడలేదు. ఆయన నేల చూపులు చూస్తూ, ఎప్పుడో శుభ్రమైపోయిన కళ్ళజోడు ఇంకా తుడుస్తున్నారు.

అందరూ సరేనన్నారు. నథానియేల్ అలవాటు కొద్దీ అటు తిరిగాడు. "దయానందం అంకుల్, మీరేమంటరు?"

"ఆయన్ని అడక్కు బాబూ, మళ్ళీ మొదలెడతాడు" అన్నారు ఎస్తేరమ్మ గారు. "ఏవయ్యా దయానందం, ఖాళీగా కూర్చోకపోతే లేచి ఆ ప్లేట్లు సర్దకూడదూ?"

దయానందం గారు చటుక్కున లేచి ప్లేట్లు సర్దారు. అంత సంతోషంగా చీవాట్లు తిన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.